పీడీపీ-11/34లో ఎమ్మెస్11-ఎల్ మెమరీ బోర్డు: ఏడేళ్లు వాడాక

న్యూ హ్యాంప్‌షైర్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక పీడీపీ-11/34 ఉంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1976లో తెచ్చిన మినీకంప్యూటర్. ఏడేళ్లుగా అందులో ఉన్నది ఒకటే మెమరీ బోర్డు: ఎమ్మెస్11-ఎల్, నంబరు ఎం7891, 256 కిలోబైట్లు. ఇన్నేళ్లలో నాలుగు చిప్‌లు, ఒక కెపాసిటర్, ఒక డిప్ స్విచ్ మార్చాను. అయినా 11/34కి ఏ మెమరీ పెట్టాలని ఎవరడిగినా ఇదే పెట్టమంటాను. పాడైతే ఎక్కడ పాడైందో వేలు పెట్టి చూపించే బోర్డు ఇది.

బోర్డు నిండా 4116 అనే మెమరీ చిప్‌లే, మొత్తం 144. ఒక్కో వరసకి 18 చిప్‌లు: డేటాకి 16, పారిటీకి, అంటే డేటాలో తప్పు పట్టే అదనపు బిట్లకి, 2. అలాంటివి ఎనిమిది వరసలు. ఒక వరస అంటే 32 కిలోబైట్లు, ఆక్టల్‌లో (0 నుంచి 7 దాకా అంకెలతో రాసే పద్ధతి, ఇక్కడ అడ్రసులు, విలువలు అన్నీ అందులోనే) సరిగ్గా 100000. అంటే అడ్రసులో మొదటి అంకె వరస నంబరు, లెక్క సున్నా నుంచి. చదివిన విలువలో ఏ బిట్టు తప్పుందో అది ఆ వరసలో చిప్ నంబరు. ఇంత తేలిగ్గా తప్పు పట్టించుకునే బోర్డుతో నేను మరెక్కడా పనిచేయలేదు.

అయితే చిప్‌ల దాకా వెళ్లేముందు కరెంటు. మా పెద్దనాన్న హైదరాబాద్ ఈసీఐఎల్‌లో టీడీసీ-316 అనే కంప్యూటర్ల మీద పనిచేసి రిటైరయ్యారు. మెషిన్ కొన్న కొత్తలో ఫోన్ చేస్తే, "చిప్‌ల జోలికి తర్వాత పోదువుగానీ, ముందు వోల్టేజీ చూశావురా?" అన్నారు. చూడలేదు. 4116కి మూడు వోల్టేజీలు కావాలి: +12, +5, −5. −5 లేకుండా +12 తగిలితే చిప్ దెబ్బతింటుంది. మెమరీ బోర్డు బయటికి తీసి సప్లైలు కొలిచాను, బాగానే ఉన్నాయి. బోర్డు పెట్టి ఒక చిప్ ఒకటో కాలు మీద మీటరు పెడితే −5 ఉండాల్సిన చోట −3.2 వచ్చింది. వెంటనే ఆపేశాను. ఒక టాంటలం కెపాసిటర్ లీకవుతోంది. నలభై ఏళ్లు దాటిన టాంటలంకి అది సహజం. అది మార్చాక −5 నిలబడింది. ఆ ఫోన్ చేయకపోయి ఉంటే ఎన్ని చిప్‌లు పోయేవో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

ఆ తర్వాత డిజిటల్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఆర్టీ-11 ఎక్కించాను. నెలల తరబడి చక్కగా నడిచింది. మెమరీ అంతా బాగుందనే నమ్మాను. ఒకరోజు మరో ఆపరేటింగ్ సిస్టమ్, యూనిక్స్ ఆరో ఎడిషన్ పెడితే రెండు నిమిషాల్లో కూలిపోయింది. మామూలు ఆర్టీ-11 తాకేది మొదటి 56 కిలోబైట్లే. మిగతా మెమరీ ఎలా ఉందో అన్నాళ్లూ ఎవరూ అడగనే లేదు.

ఇక్కడ 11/34 ముందున్న కీప్యాడ్ కన్సోల్ దేవుడిలా ఆదుకుంది. 18 బిట్ల అడ్రసులు నేరుగా తీసుకుంటుంది. 277776 కొట్టి సున్నా రాసి చదివితే 000000. బాగుంది. 300000లో సున్నా రాస్తే తిరిగొచ్చింది 000040. 177777 రాస్తే 177777 వచ్చింది. తర్వాతి వర్డూ (16 బిట్ల ముక్క) అంతే, ఆ తర్వాతదీ అంతే, 377776 దాకా ఎక్కడ చూసినా అంతే. మూడో వరస, ఐదో బిట్టు (బిట్ల లెక్కా సున్నా నుంచే, ఆక్టల్ 40 అంటే ఐదోది). డ్రాయింగుల్లో ఆ చిప్ ఎక్కడుందో చూసి, కాళ్లు కత్తిరించి, ఒక్కో కాలూ విడిగా వేడిచేసి లాగాను. చిప్ మొత్తంగా పీకితే రంధ్రాల లోపలి రాగి పూత ఊడొస్తుంది, ఆ పని మాత్రం చేయకండి. సాకెట్ వేసి కొత్త చిప్ పెట్టాక 300000లో ఆరు సున్నాలు కనిపించాయి. పై నుంచి మా ఆవిడ భోజనానికి ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలియదు.

తప్పు ఎదురైతే ప్రాసెసర్ పని ఆపి ఒక నిర్ణీత అడ్రసుకి దూకుతుంది. ఆ దూకడం ట్రాప్, ఆ అడ్రసు వెక్టర్. ఏ ట్రాప్‌లో పడిందో కూడా చూడండి. వెక్టర్ 4 అయితే చాలాసార్లు మెమరీ అడ్రసుకి బోర్డు అసలు జవాబే ఇవ్వలేదని అర్థం. అప్పుడు చిప్‌ల మీద అనుమానపడకండి. డిప్ స్విచ్‌లు (బోర్డు మీది చిన్న స్విచ్‌లు), బోర్డు అంచున కనెక్టర్ వేళ్ల మీద మురికి చూడండి. నా బోర్డులో ఒక స్విచ్ ఆన్‌లో ఉన్నట్టే కనిపించేది కానీ లోపల తగిలేది కాదు. వెక్టర్ 114 అయితే పారిటీ తప్పు. డేటా సరిగ్గానే ఉండి 114 వస్తుంటే పోయింది పారిటీ చిప్పే కావచ్చు. నాకు ఒకసారి అదే అయింది.

కష్టమల్లా సున్నా వరస పోయినప్పుడే. పరీక్ష ప్రోగ్రాము కూర్చోవడానికే చోటుండదు. మూడో ఏడాది ఆ పరిస్థితి వస్తే యూనిబోన్ కొన్నాను. బీగుల్‌బోన్ అనే చిన్న ఆధునిక కంప్యూటర్ మీద నడిచే బోర్డు, యూనిబస్‌లో, అంటే ఈ మెషిన్ బోర్డులన్నిటినీ కలిపే బస్సులో, కూర్చుంటుంది. ప్రాసెసర్‌ని ఆపి ఉంచి తానే బస్సు మీద మెమరీని రాసి చదివి చెప్తుంది. నా దృష్టిలో ఈ మెషిన్ ఉన్నవాళ్లకి మల్టీమీటర్ తర్వాత కొనాల్సిన వస్తువు ఇదే. కావాలంటే అది మెమరీగా కూడా పనిచేస్తుంది. అలా నడిపిస్తే పాత బోర్డు అవసరమే ఉండదు. నేను మాత్రం అలా నడపను. ఆ 144 చిప్‌లు పనిచేస్తుండగా చూడాలనే కదా ఈ మెషిన్ తెచ్చుకున్నది.

ఫిర్యాదు ఒకటుంది. చిప్‌లన్నీ సాకెట్లు లేకుండా నేరుగా టంకం వేసి ఉన్నాయి. ఒక్క చిప్ మార్చడానికి ఒక సాయంత్రం పడుతుంది. పాత 4116లు దొరుకుతున్నాయి కానీ వచ్చినవన్నీ పనిచేస్తాయనుకోవద్దు. ఒక అమ్మకందారు పంపిన పదింటిలో మూడు చచ్చినవే. ముందు సాకెట్ ఉన్న చోట పెట్టి పరీక్షించుకుని, బాగున్నవాటికే టిక్కు పెట్టి డబ్బాలో వేస్తాను.

వేడెక్కాక మాత్రమే తప్పే చిప్‌లకి కనీసం రెండు గంటలు మెమరీ ఎక్సర్‌సైజర్ (మెమరీని అదేపనిగా రాసి చదివి పరీక్షించే ప్రోగ్రాము) నడపాలి. కీప్యాడ్‌తో అవి దొరకవు. గత నెల నుంచి గంట దాటాక 500000 పైన అక్కడక్కడా 004000 తేడా వస్తోంది. ఐదో వరస, పదకొండో బిట్టు. ఫ్రీజ్ స్ప్రే కొడితే సర్దుకుంటోంది. టిక్కు పెట్టిన చిప్ ఒకటి తీసి పక్కన పెట్టాను, శనివారం మార్చాలి.