కీపాస్ కీ ఫైలు: తీర్థం ఫోటోనా, పాత .కీ ఫైలా, కొత్త .కీఎక్సా?

కీపాస్ అంటే మన పాస్‌వర్డ్‌లన్నీ ఒక తాళం వేసిన డేటాబేస్ ఫైల్లో దాచిపెట్టే ప్రోగ్రామ్. అందులో పాస్‌వర్డ్‌కి తోడుగా ఏ ఫైలునైనా కీ ఫైలుగా, అంటే రెండో తాళంచెవిగా, పెట్టుకోవచ్చు. మామూలు ఫైలు ఇస్తే దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్లోని బైట్లన్నిటి నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటిది) తీసి వాడుకుంటుంది. అందుకే అంతర్వేది తీర్థంలో తీసిన ఫోటో పెట్టేస్తే ఎవరికీ అనుమానం రాదనిపిస్తుంది. కానీ అదే ఫోటోని హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయికి వాట్సాప్‌లో మామూలుగా పంపండి, సైజు తగ్గించి పంపుతుంది. కంటికి అదే గుడి, అదే రథం. లోపల బైట్లు మారిపోయాయి, డేటాబేస్ తెరుచుకోదు. ఫోన్‌లో కాస్త తిప్పి సేవ్ చేసినా అంతే. ఫోటో వద్దే వద్దు.

64 హెక్స్ అక్షరాలు (0-9 అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు) రాసుకున్న ఉత్త టెక్స్ట్ ఫైలు కూడా పనిచేస్తుంది. చివర్లో ఎడిటర్ తనంతట తాను ఒక కొత్త లైను చేర్చిందా, దాన్ని వేరే ఫైలుగా లెక్కేస్తుంది.

అసలు పోటీ కీపాస్ తనే తయారుచేసిచ్చే .కీ, .కీఎక్స్ ఫైళ్ల మధ్యే. రెండూ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే, అంటే తెరిచి చదువుకోగలిగే టెక్స్ట్. తాళాన్ని కాగితం మీద దాచుకోవచ్చు. పాత .కీలో తాళం బేస్64 అనే రాతలో ఉంటుంది: పెద్ద ఐ, చిన్న ఎల్, సున్నా, ఓ అన్నీ కలగలిసి. కాగితం చూసి తిరిగి కొట్టేటప్పుడు ఒక్కటి తప్పితే ఎక్కడ తప్పిందో చెప్పే దిక్కు లేదు. 2021లో కీపాస్ 2.47తో వచ్చిన .కీఎక్స్‌లో అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే. ఎనిమిదేసి చొప్పున ఎనిమిది గుంపులు. పక్కనే సరిచూసుకోవడానికి చిన్న హ్యాష్ ఉంటుంది కాబట్టి తప్పు కొడితే పట్టేస్తుంది. 2.47 కన్నా పాత కీపాస్ వాడేవాళ్లు మాత్రం ముందు అప్‌డేట్ చేసుకోవాలి.

గోదావరి లంకల్లో ఉండేవాళ్లకి ఈ కాగితం సంగతి చిన్నది కాదు. 2022 జూలై గోదావరి వరదలాంటిది వస్తే కంప్యూటరూ, పెన్‌డ్రైవూ ఒకేసారి నీళ్లపాలవుతాయి. ఒక కాగితం రావులపాలెంలో పెద్దమ్మగారింట్లో ఉంటే టెన్షన్ ఉండదు.

లినక్స్ వాళ్లకి ఇంకో మాట. కొత్త ఐకాన్ థీమ్ (ఫైళ్లకి బొమ్మలు పెట్టే సెట్టు) వేశాక .కీఎక్స్ ఫైలు ఉత్త తెల్ల కాగితంలా కనబడొచ్చు. ఇదేదో చెత్త అనుకుని ఇంట్లో ఎవరైనా డిలీట్ చేసేస్తారు. ఫైలు పాడవలేదు, థీమ్‌లో ఆ రకానికి బొమ్మ లేదంతే. థీమ్ ఫోల్డర్‌లోని ఇండెక్స్.థీమ్ ఫైల్లో 'ఇన్‌హెరిట్స్' లైను చూడండి, ఇక్కడ లేని బొమ్మల్ని ఏ థీమ్ నుంచి తీసుకోవాలో చెప్పేది అదే. అందులో నిండుగా బొమ్మలున్న థీమ్ పేరు చేర్చి, ఐకాన్ క్యాష్ (బొమ్మల జాబితా) మళ్లీ కట్టిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఆ కాగితం ప్రింటు కోసం మాత్రం జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లకండి. ఆ ఫైలు వాళ్ల కంప్యూటర్‌లో ఉండిపోవచ్చు. ఇంట్లో ప్రింటర్ లేకపోతే పెన్నుతో రాసుకోండి, ఉన్నవి 64 అక్షరాలే. పక్కనున్న హ్యాష్ కూడా రాయడం మర్చిపోవద్దు.