ఐర్లాండ్ వెళ్లాలనుకునే నర్సులకు తిరుపతిలో ఒక ఓఈటీ క్లాస్: నా రివ్యూ

ఏఐఆర్ బైపాస్ రోడ్డు వైపు, బట్టల షాపు పైన రెండో అంతస్తులో నర్సులకు ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) చెప్పే చిన్న సెంటర్ ఒకటుంది. నైట్ డ్యూటీలు చేసుకుంటూ అక్కడే చదివాను కాబట్టి, చేరాలా వద్దా అని అడుగుతున్న జూనియర్ల కోసం ఇది రాస్తున్నా. స్పీకింగ్ కోసమైతే కళ్లు మూసుకుని చేరిపోండి.

ఓఈటీ స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు, అంటే పేషెంటుతో మాట్లాడుతున్నట్టు నటించి చూపించడం, ఒక్కోటి ఐదు నిమిషాలు. చాలాచోట్ల నాలుగు వాక్యాలు బట్టీ పట్టించి పంపేస్తారు. ఇక్కడి మేడమ్ ఐర్లాండ్ వార్డుల్లో పనిచేసి వచ్చారు, అందుకే శనివారం క్లాసంతా అక్కడి పేషెంట్ల నోట వినబడే మాటలకే కేటాయిస్తారు.

ఉదాహరణకి 'క్రాక్'. మన దగ్గర ఒకణ్ణి క్రాక్ అంటే గొడవే. అక్కడ పొద్దున్నే బీపీ చూడ్డానికి వెళ్తే మంచం మీది పెద్దాయన "వాట్స్ ద క్రాక్?" అంటాడు, అంటే "ఏమ్మా, ఏంది సంగతులు?" అని. నలుగురు కూర్చుని నవ్వుకుంటూ గడిపిన సాయంత్రం 'గుడ్ క్రాక్'. మేడమ్ అర్థం చెప్పి ఊరుకోలేదు, ఆ మాట పుట్టుక కూడా బోర్డు మీద గీసి చూపించారు. పాత ఇంగ్లీషులో అది ఫట్‌మనే చప్పుడు, తర్వాత గట్టిగా మాట్లాడటం, గొప్పలు చెప్పుకోవడం, స్కాట్లాండ్‌లోనూ ఉత్తర ఇంగ్లండ్‌లోనూ కబుర్లు. అక్కణ్ణుంచి ఐర్లాండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్ మీదుగా 20వ శతాబ్దంలో ఐర్లాండ్ అంతా పాకింది. ఐరిష్ భాష దాన్ని తీసుకుని సి-ఆర్-ఏ-ఐ-సి అని తన పద్ధతిలో రాసుకుంది, 1970ల తర్వాత ఆ స్పెల్లింగే మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చి స్థిరపడింది. అందుకే అది ఐరిష్‌వాళ్ల ప్రాచీన మాట అనుకునేవాళ్లు ఎక్కువ, ఆ స్పెల్లింగంటే గిట్టని ఐరిష్ పండితులూ ఉన్నారు. పరీక్షకి ఇదంతా ఎందుకంటారేమో, నాకైతే ఇలా కథ తెలిసిన మాటే నోటికి ధైర్యంగా వస్తుంది, విన్నప్పుడు కంగారుండదు.

'ప్రెస్' అంటే అక్కడ అల్మారా. "డ్రెస్సింగులు ప్రెస్‌లో ఉన్నాయి" అని సిస్టర్ చెప్తే ఎక్కడ వెతకాలో తెలియాలి కదా! 'గివింగ్ అవుట్' అంటే ఏదో పంచిపెట్టడం కాదు, చీవాట్లు పెట్టడం. ఐరిష్‌లో ఉన్న వాడుకే మాటకు మాట ఇంగ్లీషులోకి దిగిందట. పేషెంట్ "అయామ్ గ్రాండ్" అంటే బ్రహ్మాండంగా ఉన్నానని కాదు, పర్లేదు అని, కాబట్టి నొప్పి ఎంతుందో మళ్లీ అడగమని మేడమ్ గట్టిగా చెప్తారు. ఈ ఒక్క సలహాకే ఫీజు ఇవ్వొచ్చు అనిపించింది.

రైటింగ్ మాత్రం బాగాలేదు. రిఫరల్ లెటర్ రాసిస్తే దిద్ది ఇచ్చేసరికి వారం దాటిపోతుంది, ఈలోపు మనం ఏం రాశామో మనకే గుర్తుండదు, పైగా దిద్దినదాంట్లో మార్కులే ఉంటాయి, తప్పెందుకో ఉండదు. దానికి వేరే ఏర్పాటు చూసుకోండి. లిఫ్ట్ లేదు. మధ్యాహ్నం బ్యాచ్‌లో ఉక్కపోతకి కూర్చోలేం, ఆరు తర్వాత బ్యాచే అడగండి.

డెమోకి శనివారమే వెళ్లండి, మామూలు రోజుల్లో వెళ్తే గ్రామర్ చూపించి పంపిస్తారు.