కరెంటు పోతే కంప్యూటర్ ఆగకుండా: యూపీఎస్, ఇన్వర్టర్, రౌటర్ బ్యాటరీలలో ఏది మేలు?

కరెంటు పోయినప్పుడు ఇంట్లోని కంప్యూటర్ ఆగిపోకుండా ఏదైనా కొందామని దుకాణానికి వెళ్తే మూడు వస్తువులు చూపిస్తారు: డెస్క్‌టాప్ పక్కన పెట్టుకునే చిన్న యూపీఎస్, ఇల్లంతటికీ పనికొచ్చే ఇన్వర్టర్, వై-ఫై రౌటర్‌కు మాత్రమే తగిలించే మినీ యూపీఎస్. ధరలు అటూ ఇటూగా చెప్పుకోవాలంటే మొదటిది మూడు వేల రూపాయలు, రెండోది బ్యాటరీతో కలిపి ఇరవై వేలు, మూడోది వెయ్యి నుంచి రెండు వేలు. ధరలో ఇంత తేడా ఉంది కాబట్టి పెద్దది కొంటే చిన్నవాటి పని కూడా అదే చేసేస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, ఆ లెక్క అన్ని ఇళ్లకూ సరిపోదు. మీ దగ్గర ఉన్నది డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా అన్నదీ, మీ ఊళ్లో కరెంటు ఏ తీరున పోతుందన్నదీ చూసుకున్నాకే ఏది మేలో తేలుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012, 2013 ప్రాంతంలో పల్లెలకు, చిన్న పట్టణాలకు గంటల తరబడి కోతలుండేవి. ఆ రోజుల్లో ఫ్యాను తిరగడమే ముఖ్యం కాబట్టి ఇన్వర్టర్ల వాడకం పెరిగింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ గాలివానకు లైను ట్రిప్పయి పది నిమిషాల్లో తిరిగి వచ్చే కరెంటు, రెప్పపాటులో పోయి వచ్చే కరెంటు, మరమ్మతుల కోసం ముందే చెప్పి పగటిపూట తీసే కరెంటు ఎక్కువగా ఎదురవుతున్నాయి. ఫ్యానుకు రెప్పపాటు అంతరాయం లెక్కలోకి రాదు, డెస్క్‌టాప్‌ను మాత్రం అదే ఆపేస్తుంది.

డెస్క్‌టాప్ లోపల గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చే పెట్టెను ఎస్‌ఎంపీఎస్ అంటారు. అందులో కాస్త కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్లు, కరెంటు ఆగాక కూడా, పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్ల పాటు కంప్యూటర్‌ను నిలబెడతాయి. ఆ లోపల బ్యాటరీ అందుకోకపోతే యంత్రం రీస్టార్ట్ అవుతుంది. డ్రైవ్‌లోని ఫైళ్ల అమరిక చెదరకుండా విండోస్ చాలావరకు కాపాడుకోగలదు కానీ, సేవ్ చేయని ఉత్తరం పోయినట్టే, మధ్యలో ఉన్న అప్‌డేట్ చెడే ప్రమాదమూ ఉంది. ఇళ్లకు అమ్మే లైన్ ఇంటరాక్టివ్ రకం యూపీఎస్‌లు పది మిల్లీసెకన్ల లోపే బ్యాటరీ మీదికి మారిపోతాయి కాబట్టి కంప్యూటర్‌కు కరెంటు పోయిన సంగతే తెలియదు.

అయితే యూపీఎస్ నుంచి ఎంత ఆశించాలో కొనేటప్పుడే తెలుసుకోవాలి. పెట్టె మీద 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అని పెద్ద అక్షరాలతో ఉన్నా, సాధారణంగా అది మోయగలిగేది 360 వాట్లు మాత్రమే. లోపల ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద 84 వాట్ అవర్లు, అంటే 84 వాట్ల పరికరాన్ని గంట సేపు నడిపేంత నిల్వ. అంత చిన్న బ్యాటరీ నుంచి వేగంగా కరెంటు లాగితే అందులో సగం కాస్త అటూ ఇటూగా మాత్రమే చేతికి వస్తుంది. మానిటర్‌తో కలిపి 120 వాట్లు తీసుకునే మామూలు డెస్క్‌టాప్‌కు కొత్త బ్యాటరీ పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఇస్తుంది, గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ యంత్రానికి ఐదు నిమిషాలు దక్కడం కష్టం. పని సేవ్ చేసుకుని పద్ధతిగా షట్‌డౌన్ చేయడానికి అది సరిపోతుంది, సినిమా పూర్తి చేయడానికి సరిపోదు. ఈ సీల్డ్ బ్యాటరీలు వేడికి త్వరగా చనిపోతాయి. విజయవాడ, రామగుండం ఎండల్లో, గాలాడని టేబుల్ కింద మూలకు నెట్టిన యూపీఎస్‌కు రెండు మూడేళ్లకోసారి బ్యాటరీ మార్చాల్సిందేనని ముందే అనుకోవడం మంచిది. లేజర్ ప్రింటర్‌ను మాత్రం దీనికి తగిలించకూడదు, ఎందుకంటే సిరాపొడిని కాగితం మీద కరిగించే భాగం వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగి యూపీఎస్‌ను ఆపేస్తుంది.

ఇన్వర్టర్ విషయంలో జాగ్రత్తగా ఆలోచించాల్సింది ఎక్కువ. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లుంటాయి, అంటే చిన్న యూపీఎస్‌కు ఇరవై రెట్లకు పైగా నిల్వ. గంటల కొద్దీ పని సాగాలంటే దీనికి సాటి లేదు. కానీ నిల్వ ఎంత ఉన్నా, మారే వేగం చాలకపోతే డెస్క్‌టాప్ ఆగిపోతుంది. చాలా ఇన్వర్టర్లకు వెనుకవైపు, ఫ్యూజు పక్కన, యూపీఎస్ అనీ ఎకో లేదా నార్మల్ అనీ రెండు స్థానాలున్న చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. బిగించి వెళ్లినవారు దాన్ని ఎటు ఉంచారో ఇంట్లోవారికి తెలియకపోవడమే మామూలు. ఎకో స్థానంలో మారడానికి పట్టే కాలం ఎక్కువ కాబట్టి లైటు ఒకసారి మినుకుమంటుంది, డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది. ‘ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ ఆగిపోతోంది’ అనే ఫిర్యాదుల్లో కొన్ని ఆ స్విచ్ జరపగానే తీరిపోతాయి.

అలాగని అందరూ దాన్ని యూపీఎస్ వైపు జరపడమూ సరికాదు. ఆ స్థానంలో ఇన్వర్టర్ సుమారు 180 నుంచి 260 వోల్టుల మధ్య ఉన్న కరెంటునే మంచి కరెంటుగా లెక్కిస్తుంది, ఎకోలో అయితే 100 వోల్టుల దాకా దిగినా సర్దుకుపోతుంది. పంపుసెట్లన్నీ ఒకేసారి నడిచి వోల్టేజి 170కి పడిపోయే పల్లెల్లో, లైనులో కరెంటు ఉండగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. ఛార్జి కావలసిన వేళ ఖర్చవుతూ, అసలు కోత వచ్చేసరికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ను ఎకోలోనే వదిలేసి, డెస్క్‌టాప్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టడమే నా దృష్టిలో సరైన మార్గం. ఈ జోడింపుకు ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం, అంటే గోడ కరెంటులాగే నున్నటి అలలా కరెంటు ఇచ్చేది, అయి ఉండాలి. చవకగా దొరికే స్క్వేర్ వేవ్ రకం ఇచ్చే కరెంటును చాలా యూపీఎస్‌లు కరెంటుగా ఒప్పుకోవు, ఇన్వర్టర్ నడుస్తున్నా తమ బ్యాటరీనే ఖాళీ చేసుకుంటూ కీచుమంటాయి. వోల్టేజి నిలకడగా ఉండే పట్టణంలో, ఎలాగూ ఫ్యాన్ల కోసం ఇన్వర్టర్ కొంటున్నవారు మాత్రం ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకుని, యూపీఎస్ స్థానంలో పెట్టుకుని, కంప్యూటర్ ప్లగ్గు ఉన్న పాయింటును ఇన్వర్టర్ లైనులో కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెబితే, వేరే పెట్టె కొనవలసిన అవసరం చాలా ఇళ్లలో రాదు. ఆ చివరి మాట మరిచిపోయేవారు ఎక్కువ.

ల్యాప్‌టాప్ ఉన్న ఇంట్లో కథ వేరు. ల్యాప్‌టాప్‌లోనే బ్యాటరీ ఉంది కాబట్టి దానికి యూపీఎస్ కొనడం డబ్బు దండగ. మీటింగులో ఉండగా ఆగిపోయేది రౌటర్. అది మామూలుగా తీసుకునేది పది వాట్ల లోపే. లిథియం సెల్స్‌తో వచ్చే మినీ యూపీఎస్ దాన్ని రెండు మూడు గంటలు నడపగలదు, అందుకే ఇంటి నుంచి పని చేసేవారికి మొదట దీన్నే కొనమని చెబుతాను. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద సన్నటి అక్షరాలతో ముద్రించిన వోల్టులు, ఆంపియర్లు చదవాలి: 12 వోల్టులు, 1 ఆంపియర్ ఉన్నవి ఎక్కువ, 9 వోల్టులవీ ఉన్నాయి. వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి, పిన్ను బిగుతుగా కూర్చోవాలి. ఫైబర్ పెట్టె, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ కరెంటు అందాలి; ఒకదానికే తగిలించి నెట్ రాలేదని అనుకోవడం వృథా.

ఇందులో మన చేతిలో లేనిది ఒకటుంది. ఇంటి దాకా నేరుగా ఫైబరే వచ్చి, దారిలో కరెంటుతో నడిచే పెట్టెలు లేని కనెక్షన్ అయితే వీధిలో కరెంటు లేకపోయినా నెట్ వస్తుంది. స్తంభం మీద స్విచ్ పెట్టెలు బిగించి అక్కడి నుంచి లాన్ కేబుల్ లాగే ఆపరేటరైతే, ఆ పెట్టెకు బ్యాటరీ లేనప్పుడు మీ మినీ యూపీఎస్ నిరుపయోగమే. కాబట్టి డబ్బు పెట్టే ముందు, కరెంటు పోయినప్పుడు అదే ఆపరేటర్ కనెక్షన్ ఉండి ఇన్వర్టర్ కూడా ఉన్న పక్కింటివారిని నెట్ వస్తోందా అని అడగాలి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తీగలు చాలా చోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తాయి, తుపానుకు స్తంభమే ఒరిగితే ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా లాభం లేదు.

మూడింటిలో ఏది కొన్నా అదే రోజు పరీక్షించాలి. ముఖ్యమైన ఫైళ్లన్నీ మూసేసి, కంప్యూటర్ నడుస్తుండగా గోడ మీది స్విచ్‌ను ఆపి చూడాలి. ప్లగ్గును పీకితే ఎర్తింగ్ కూడా తెగిపోతుంది కాబట్టి పరీక్షకు స్విచ్చే సరైనది. ఇన్వర్టర్ అయితే మెయిన్ ఆపి చూడాలి. డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయినా, రౌటర్ దీపాలు ఆరి మళ్లీ వెలిగినా, వస్తువును మార్చుకునే గడువు దాటకముందే దుకాణానికి తీసుకెళ్లవచ్చు.