తిరుపతిలో న్యూట్ల సంతానోత్పత్తి: నిప్పుపొట్ట న్యూటు మేలా, పక్కటెముకల న్యూటు మేలా?

న్యూట్లను సాకడం ఒక ఎత్తు, వాటి చేత గుడ్లు పెట్టించడం మరొక ఎత్తు. ఈ తోక ఉభయచరాలు కడుపునిండా తిన్నంత మాత్రాన జత కట్టవు. ఒక రుతువు పోయి మరొకటి వచ్చిందని నీటి చల్లదనం ద్వారా, పగటి నిడివి ద్వారా వాటి శరీరానికి తెలియాలి. అందువల్ల తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో వీటిని పెంచదలచినవారు అందం కంటే ముందుగా, తాము ఎంచుకున్న జాతికి కావలసిన రుతువు ఇక్కడ దొరుకుతుందా అని చూడాలి.

చైనా నిప్పుపొట్ట న్యూటు తూర్పు చైనాలోని కుంటల్లో, వరిమళ్లలో బతుకుతుంది. చలికాలమంతా మందకొడిగా గడిపి, వసంతంలో నీరు వెచ్చబడుతుండగా జత కడుతుంది. మగది ఆడదాని ఎదుట నిలిచి, తోకను ఒంటివైపు మడిచి చకచకా ఊపుతూ తన వాసనను నీటి ద్వారా దాని ముక్కుకు చేరవేస్తుంది. దీనికి దగ్గరి బంధువైన జపాన్ న్యూటులో ఆ వాసనకు మూలం పది అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్ (ప్రోటీన్ తునక లాంటిది) అని శాస్త్రజ్ఞులు 1995లో తేల్చి, దానికి సోడెఫ్రిన్ అని పేరు పెట్టారు. ఆడది ఒప్పుకుంటే మగది వీర్యపు ముద్దను అడుగున వదులుతుంది, ఆడది దాని మీదుగా నడిచి లోపలికి తీసుకుంటుంది. తర్వాత వెనుక కాళ్లతో నీటిమొక్క ఆకును మడిచి, ఒక్కో మడతలో ఒక్కో గుడ్డును దాస్తుంది. చూసే ఆనందం కోసమైతే నా దృష్టిలో దీనికి సాటి లేదు.

చిక్కంతా చలి దగ్గరే ఉంది. పెంపకందారులు సాధారణంగా నీటిని 10 డిగ్రీల దరిదాపులకు దించి కొన్ని వారాలపాటు అలాగే ఉంచుతారు. తిరుపతిలో జనవరి రాత్రులు కూడా తొట్టి నీటిని అంతగా చల్లబరచవు. కాబట్టి నీటిని చల్లబరిచే యంత్రం (చిల్లర్) కొనాలి, కరెంటు పోయినా అది ఆగకుండా నడిచే ఏర్పాటూ చేసుకోవాలి.

స్పెయిన్, పోర్చుగల్, మొరాకో దేశాలకు చెందిన పక్కటెముకల న్యూటు కథ వేరు. అక్కడ ఎండిన వేసవి ముగిసి, శరదృతువు వానలతో కుంటలు నిండితే అది నీటిలో జత కట్టడానికి సిద్ధమవుతుంది. మగది ఆడదాని కిందికి దూరి, తన ముందుకాళ్లను దాని ముందుకాళ్లకు పెనవేసి, వీపు మీద మోస్తూ గంటల తరబడి తిరుగుతుంది. ఆడది ఆకులను మడవదు, మొక్కలకూ రాళ్లకూ అంటించి వందల గుడ్లు పెడుతుంది. దీనికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. తొట్టిలో కొంత నీటిని తీసేసి, కొన్ని డిగ్రీలు చల్లగా ఉన్న కొత్త నీటిని పోస్తే చాలా సందర్భాలలో సరిపోతుంది. మన సీమకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వాన, చల్లదనం సరిగ్గా దాని స్వదేశపు కాలంతో కలుస్తాయి. అందుకే నేను దీనివైపే మొగ్గుతున్నాను.

పిల్లల పెంపకంలోనూ దీనిదే పైచేయి. నిప్పుపొట్ట పిల్లలు రూపాంతరం చెందాక నీరు విడిచి నేలమీదికి వస్తాయి, వాటికి చాలాకాలంపాటు కదిలే చిన్న పురుగులనే వెతికి తెచ్చి పెట్టాలి. పక్కటెముకల పిల్లలు సాధారణంగా నీటిలోనే ఉండి, తరిగిన ఎర్రలను ఆత్రంగా తింటాయి. గుడ్లను మాత్రం పెద్దవాటి నుంచి వెంటనే వేరు చేయాలి, లేకపోతే అవే తినేస్తాయి.

డార్జిలింగ్ కొండల హిమాలయ న్యూటు కూడా వానలతోనే జత కడుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్న జీవి కనుక ఈ పోలికలోకే రాదు.

ఎండాకాలం రెండింటికీ గండమే. పక్కటెముకల న్యూటు కాస్త వేడిని ఓర్చుకుంటుంది గానీ, బయట 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గది లేనివారు ఏ న్యూటునూ తెచ్చుకోకూడదు. తెచ్చుకునేవారు కూడా అడవిలో పట్టినవి కాక, పెంపకంలో పుట్టినవని పత్రాలు ఉన్నవే తీసుకోవాలి. 2013లో గుర్తించిన ఒక చర్మపు శిలీంధ్రం ఐరోపా సాలమాండర్లను కుప్పకూల్చింది, అది ఆసియా న్యూట్ల వ్యాపారం ద్వారానే అక్కడికి చేరిందని పరిశోధకులు భావిస్తున్నారు. కొత్తగా తెచ్చినవాటిని కొన్ని వారాలు వేరుగా ఉంచడం, వాటి తొట్టి నీటిని చెరువులోకో స్వర్ణముఖిలోకో పోయకపోవడం తప్పనిసరి.