బాలానగర్ షెడ్డులో ఫ్యూజన్: చాలాకాలం వాడిన తర్వాత

మాది డ్రోన్ విడిభాగాలు చేసే స్టార్టప్. బాలానగర్‌లో ఒక షెడ్డు, అందులో ఫానుక్ కంట్రోల్ (మిషనును నడిపే కంప్యూటరు) ఉన్న మూడు అక్షాల వీఎంసీ (తిరిగే టూలుతో లోహాన్ని కోసే మిషను), పక్కన ఒక లేత్. పని ఎక్కువగా 6061 అల్యూమినియంతోనే. డిజైన్ తరచూ మారే దశలో బయట జాబ్‌వర్కుకు ఇచ్చి వారాల తరబడి ఎదురుచూడటం కుదరదు కాబట్టి సొంతంగా మొదలుపెట్టాం. అప్పటినుంచి మిషను ప్రోగ్రాములన్నీ ఆటోడెస్క్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్‌లోనే.

డెమోలో ఏ క్యామ్ (మోడల్ నుంచి మిషను ప్రోగ్రాం తయారుచేసే) సాఫ్ట్‌వేర్ అయినా ముచ్చటగానే ఉంటుంది. చిన్న షాపువాళ్లు ముందుగా చూడవలసింది పోస్ట్ ప్రాసెసర్ అని నా గట్టి అభిప్రాయం. టూల్‌పాత్‌ను, అంటే టూలు కదిలే దారిని, మన మిషనుకు అర్థమయ్యే జీ-కోడ్‌గా మార్చేది అదే. ఫ్యూజన్ పోస్టులు జావాస్క్రిప్ట్‌లో ఉంటాయి, తెరిచి మార్చుకోవచ్చు. ఫానుక్ పోస్టుకు విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. ప్రోగ్రాం అయ్యాక టేబుల్ తన ముందుకు వచ్చి ఆగాలని మా ఆపరేటర్ అడిగాడు, వైస్‌లోంచి (బిగింపు పట్టులోంచి) జాబ్ (కోసిన ముక్క) తీయడానికి లోపలికి వంగే బాధ ఉండదని. ఎక్స్ (కుడి ఎడమల అక్షం) కదలకుండా వై (ముందు వెనకల అక్షం) మాత్రమే హోమ్‌కు పోయేలా పోస్టులో మార్చాం. ఇలాంటి చిన్న మార్పుకు కూడా డీలర్‌ను పిలిచి కొటేషన్ తెప్పించుకోవలసిన సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి.

ఆ పోస్టు ప్రోగ్రాం మొదట్లో టూళ్ల జాబితా కూడా రాస్తుంది: టూల్ నంబరు, వ్యాసం, అది జెడ్‌లో ఎంత లోతుకు దిగుతుందో. మా సెట్టర్ (టూళ్లు బిగించే మనిషి) కంట్రోల్ తెర మీద ఆ లోతు చదివి, హోల్డర్ బయటికి ఎండ్ మిల్ (కోసే టూలు) ఎంత పొడవు ఉందో స్కేలుతో కొలుస్తాడు. చాలకపోతే అప్పుడే తీసి మళ్లీ బిగిస్తాడు. సిమ్యులేషన్ కన్నా నాకు ఈ రెండు నిమిషాల పని మీదే నమ్మకం ఎక్కువ.

రఫింగ్‌లో (మొదట ఎక్కువ లోహం తీసేసే కోతలో) అడాప్టివ్ క్లియరింగ్ అనే పద్ధతి నిజంగా డబ్బు ఆదా చేసింది. ఆటోడెస్క్ 2012లో కొన్న క్యామ్ సాఫ్ట్‌వేర్ హెచ్ఎస్ఎం‌వర్క్స్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. మూలల్లో కూడా టూల్ మీద భారం పెరగకుండా చూస్తుంది కాబట్టి 10 మి.మీ. ఎండ్ మిల్‌ను లోతుగా దింపి, పక్కకు కొద్దికొద్దిగా కోస్తాం. టూలు అంచు మొత్తం ఒకేలా అరుగుతుంది. ప్రోగ్రాం మాత్రం చాంతాడంత అవుతుంది. పాత కంట్రోళ్ల మెమరీకి అది పట్టదు, మెమరీ కార్డు నుంచి నడపాలి. స్మూతింగ్ (చిన్న చిన్న గీతలను కలిపేసే సెట్టింగు) పెడితే కొంత తగ్గుతుంది.

మోడల్‌లో రంధ్రం వ్యాసం మారితే టూల్‌పాత్ పాతబడినట్టు గుర్తు కనిపిస్తుంది, మళ్లీ జనరేట్ చేస్తే సరి. ఒక ఫిల్లెట్‌నే (గుండ్రం చేసిన మూలనే) తీసేస్తే మాత్రం ఎంచుకున్న అంచులు పోతాయి, వాటిని తిరిగి ఎంచాలి. ఇది ఏ క్యామ్‌కైనా ఉన్న తలనొప్పే.

ఇక ఇబ్బందులు. చందా ఆపితే పని ఆగుతుంది. ఐదు అక్షాలు ఏకకాలంలో కదిలే పనికి అదనపు ఎక్స్‌టెన్షన్ కొనాలి. ఉచిత వ్యక్తిగత లైసెన్సుతో నెట్టుకొద్దామనుకునే మిత్రులారా, అది వాణిజ్య పనికి కాదు. పైగా 2020 అక్టోబరు నుంచి అందులో ర్యాపిడ్ కదలికలు (కోత లేనప్పుడు టూలు వేగంగా జరగడం) లేవు, ఒకే ప్రోగ్రాంలో టూలు మార్చడమూ లేదు. అన్నిటికన్నా పెద్ద సంగతి, మోడళ్లు క్లౌడ్‌లో ఉంటాయి. హైదరాబాదులో రక్షణ రంగం పనులు చేసే షాపులు తక్కువేమీ కాదు. డ్రాయింగు బయటికి పోకూడదని కస్టమర్ ఒప్పందంలో రాసి ఉంటే ఇది మీకు పనికిరాదు.

మీ డిజైనర్లు ఇప్పటికే సాలిడ్‌వర్క్స్‌లో పనిచేస్తుంటే దానిలోనే నడిచే సాలిడ్‌క్యామ్ చూడండి, ఫైళ్లు అటూ ఇటూ మార్చే బెడద తప్పుతుంది. అనుభవమున్న ప్రోగ్రామర్‌ను పెట్టుకునే స్తోమత ఉంటే మాస్టర్‌క్యామ్ కూడా మంచిదే. 2024 నవంబరులో 1.0 వెర్షన్ వచ్చిన ఫ్రీక్యాడ్ ఉచితం. సాదా ప్లేట్లు, రంధ్రాల పనికి సరిపోవచ్చు, కానీ కుస్తీ పట్టే ఓపిక ఉండాలి. ఏది చూసినా డీలర్ తెచ్చిన నమూనా ముక్క వద్దనండి. మీ పార్టు ఇచ్చి, వచ్చిన ప్రోగ్రామును మీ మిషను మీదే, జాబ్‌కు పైన గాలిలో ఒకసారి నడిపించి చూపమనండి.