ఖాళీ చేయమనడానికి నోటిమాటా, నోటీసా, తెల్లకాగితమా: ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేటలో నేను అద్దెకుంటాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా నాన్న కట్టించిన ఇంటి పై వాటా అద్దెకిచ్చాను. కిందటేడు వేసవిలో మా ఓనరుగారు నన్ను ఖాళీ చేయమన్నారు, అదే నెలలో నేను మా పై వాటా వాళ్లను ఖాళీ చేయమన్నాను. ఆయన వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చి నోటితో చెప్పారు. నేను వకీలుతో నోటీసు ఇప్పించాను. ఇద్దరం తప్పే చేశాం.

ముందు ఆయన సంగతి. "ఇల్లు డెవలప్‌మెంటుకి ఇద్దామనుకుంటున్నాం బాబూ, కాస్త చూసుకోండి" అన్నారు. ఎంత మర్యాద! ఆ 'కాస్త' ఎంతో మాత్రం తేలలేదు. దసరాకా, రేపు పొద్దున్నకా? రెండు వారాలకు "ఎక్కడన్నా చూశారా?" అన్నారు, నెలకు "బిల్డరు తొందరపడుతున్నాడు" అన్నారు, ఆపైన పలకరింపులే తగ్గిపోయాయి. పిల్లల బడి జూన్‌లో మొదలైపోయింది. ఆషాఢం వచ్చింది. శూన్యమాసంలో పాలు పొంగించనని మా అమ్మ భీష్మించింది. చట్టానికి శూన్యమాసం పట్టదు గానీ మా ఇంట్లో పడుతుంది. నోటిమాటతో ఖర్చు లేదు, స్నేహం చెడదు అంటారు. తేదీ లేని మాట మూడు నెలల్లో ఆ స్నేహాన్నే తినేసింది.

ఇక నా ఘనకార్యం. పై వాటాలో ఉన్నవాళ్లు ఏడేళ్లుగా ఒక్క నెల అద్దె ఎగ్గొట్టలేదు. మా చెల్లి కాపురం విజయవాడకు మారుతోంది, వాటా కావాలి. నోటితో చెబితే నాకు జరిగినట్టే అవుతుందని వకీలు దగ్గరికి వెళ్లాను. నోటీసు అందిన సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, ఒక్క మాట చెబితే పోయేదిగా, మేమేమన్నా దొంగలమా?" నా దగ్గర జవాబు లేదు.

అయితే నోటీసును తక్కువ చేయలేం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 106వ సెక్షను దీనికి ఆధారం. నెలవారీ అద్దె ఇంటికి అగ్రిమెంటులో వేరే గడువు రాసుకోకపోతే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రాసుకున్నది ఉంటే అదే నడుస్తుంది. ఆ 15 రోజులు నోటీసు అందిన రోజు నుంచి లెక్క. నోటీసు పంపడానికి అలవాటుగా రిజిస్టర్డ్ పోస్టు అంటాం గానీ 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. పోస్ట్‌మ్యాన్ వచ్చినప్పుడు తీసుకోకపోతే నోటీసు చెల్లదని చాలామంది ధీమా. కావాలని తిప్పి పంపితే అందినట్టే లెక్కగడతారు కోర్టులో.

అద్దెకున్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. నోటీసు వస్తే పదహారో రోజు సామాను రోడ్డు మీద ఉంటుందని టెన్షన్ పడతారు. నోటీసు అద్దెను ముగిస్తుందే తప్ప మనిషిని బయటికి లాగదు. మీరు కదలకపోతే ఓనరు కోర్టులో దావా వేసి డిక్రీ, అంటే కోర్టు ఉత్తర్వు, తెచ్చుకోవాలి, దానికి ఏళ్లు పట్టడం మామూలే. ఈలోపు తాళం మార్చడం, కరెంటు ఫ్యూజు పీకడం, మోటారు ఆపి నీళ్లు రాకుండా చేయడం ఎవరన్నా సలహాగా చెబితే, అసలు ఈ పోలికలోకే తీసుకురాకండి. అలా బలవంతంగా వెళ్లగొడితే నిర్దిష్ట పరిహార చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 6వ సెక్షను కింద 6 నెలల్లోగా దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు అద్దెదారుకుంది. అక్కడ ఇల్లు ఎవరిదనే చర్చే రాదు.

ఓనర్ల వైపు నుంచి ఒక చిక్కు. గడువు దాటాక కూడా మామూలుగా అద్దె పుచ్చుకుంటూ రసీదు ఇస్తుంటే, నోటీసును మీరే వదులుకున్నారని అవతలి వకీలు వాదిస్తాడు. ఫోన్‌పేలో పడిన డబ్బుకూ ఇదే గొడవ. మరో భయం, పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందని. అద్దె కడుతూ ఉన్నవాడు ఎన్నేళ్లున్నా అద్దెదారే.

అగ్రిమెంటు ముక్క కూడా చెప్పాలి. 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి గుంటూరు అరండల్‌పేట దాకా అందరి నోటా ఇదే మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత లీజు ఎన్నాళ్లదైనా రిజిస్టరు చేయాల్సిందే. నోటరీ ముద్ర ఉంది కదా అంటారు. అది వేరు, ఇది వేరు. రిజిస్టరు కాని కాగితంలోని షరతులు కోర్టులో నిలబడటం కష్టం. దీని పైన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లో రాష్ట్రం కొత్త చట్టం చేసింది. అందుకే దావా దాకా వెళ్లే పనైతే, మీ ఇంటికి ఏ చట్టం కింద నడవాలో ముందు వకీలును అడగండి.

మాటామాటా పెరిగిపోయి ఉంటే దావాకన్నా, రాజీతో తగాదాలు తేల్చే లోక్ అదాలత్‌కే నా ఓటు. కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. రాజీ కుదిరితే అక్కడ ఇచ్చే తీర్పు (దాన్ని అవార్డు అంటారు) కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. రెండో పక్షం ఒప్పుకోకపోతే మాత్రం అక్కడ ఏమీ జరగదు. మొండికేసినవాడికి, అద్దె ఎగ్గొట్టినవాడికి వకీలు నోటీసు, ఆ తర్వాత దావా. వేరే దారి లేదు.

మాలాంటి మామూలు కేసులకు ఇవేవీ అక్కర్లేదు. ఆవిడ ఫోన్ చేశాక వచ్చిన ఆదివారం పల్నాడు బస్సుల రద్దీలో గంటన్నర నిలబడి విజయవాడ వెళ్లాను. వాళ్లింట్లోనే కూర్చుని ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాం: ఫలానా తేదీకి ఖాళీ, అప్పటిదాకా అద్దె పెంచేది లేదు, కరెంటు బిల్లు చివరి రీడింగు దాకా వాళ్లది, తాళాలిచ్చిన రోజే అడ్వాన్సు చేతిలో పెట్టాలి. తేదీ వాళ్లనే చెప్పమన్నాను. శ్రావణమాసం రెండో వారం అన్నారు, నేను అడుగుదామనుకున్నదానికి ఆరు రోజులే తేడా. ఇద్దరం సంతకాలు చేసి చెరొక కాపీ ఉంచుకున్నాం. ఇది లీజు కాదు, మళ్లీ అద్దెకివ్వడమూ కాదు, ఖాళీ చేసే ఒప్పుకోలు మాత్రమే. వాళ్లు మాట తప్పి ఉంటే నేను మళ్లీ వకీలు మెట్లెక్కాల్సిందే. కానీ చెప్పిన రోజుకే ట్రక్కు వచ్చింది.

అదే కాగితం నకలు తెచ్చి బ్రాడీపేటలో మా ఓనరుగారి ముందు పెట్టాను. కళ్లజోడు సవరించుకుని చదివారు. తేదీ దగ్గర ఏమీ అనలేదు. అడ్వాన్సు దగ్గర ఆగి "పెయింటుకి ఒక నెల అద్దె తీసుకోవడం మన దగ్గర ఆనవాయితీ కదండీ" అన్నారు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని అదే 1882 చట్టంలో ఉంది. ఆ మాట అన్నాను. నవ్వి, సగం నెల అని రాశారు. సంతకం పెట్టేశాను.