ఊజీ ఈగను పట్టించిన క్లిప్ లెన్స్: చాలాకాలం వాడాక

ఫోన్‌కు క్లిప్‌తో తగిలించే ఈ మాక్రో లెన్స్ ధర, పవర్ లాంటివి అమ్మేవాళ్లే చెప్తారు. నాకు దీని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఒక్కటే. ఈగను పక్క నుంచి అద్భుతంగా చూపిస్తుంది.

మాది పలమనేరు వైపు, పట్టుపురుగులు పెంచుతాం. 1980లో బెంగాల్ నుంచి కర్ణాటకలోకి వచ్చిన ఊజీ ఈగ మా అందరికీ శత్రువే. పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. లోపల పెరిగిన దాని పిల్లపురుగు గూటికి కన్నం చేసి బయటపడితే ఆ గూడు దారం తీయడానికి పనికిరాదు. అందుకే షెడ్డుకు కట్టిన వల మీద ఏ ఈగ వాలినా మాకు టెన్షనే.

వీపు మీద చారలు లెక్కపెట్టమంటారు. ఊజీకి నాలుగు, మాంసపు ఈగకు మూడు. బాగానే ఉంది, కానీ ఇంటి ఈగకూ నాలుగే! ఊజీ దానికంటే పెద్దదే అయినా ఫొటోలో ఆ తేడా తెలియదు.

ఒకరోజు వలలో చిక్కి చచ్చిన ఈగను తెల్ల కాగితం మీద పక్కకు తిప్పి, టార్చి వేసి తీశాను. వీపు చివర ముక్కోణపు పలక ఉంటుంది కదా, దాని కింద చిన్న దిండులా ఇంకో ఉబ్బు స్పష్టంగా కనిపించింది. అది ఊజీ చేరిన టాకినిడ్ అనే ఈగల కుటుంబం గుర్తు. మాంసపు ఈగకు, ఇంటి ఈగకు ఆ ఉబ్బు అలా ఉండదు. మీసం మీది వెంట్రుక కూడా ఇంటి ఈగకు ఈకలా ఉంటే, దీనికి నున్నగా ఉంది. ఆ ఫొటో చూశాక మా బావ కూడా "చారలు తర్వాత, ముందు పక్క నుంచి చూడండి" అని ఊళ్లో అందరికీ చెప్తున్నాడు.

అయితే ఉబ్బు ఉన్న ప్రతి ఈగా ఊజీ కాదు. ఈ కుటుంబంలో వేల జాతులున్నాయి, పంటను తినే గొంగళిపురుగులను చంపి మనకు మేలు చేసేవీ వాటిలోవే. చాలావాటిని జాతి దాకా తేల్చాలంటే మైక్రోస్కోపు కావాలి. గూటిలోంచి వచ్చిన పురుగును సీసాలో ఉంచి, అది ఈగయ్యాక అదే కోణంలో తీసిన ఫొటో నా దగ్గర ఉంది కాబట్టే నేను పోల్చుకోగలుగుతున్నాను.

బతికున్న ఈగ దీనికి దొరకదు, అంత దగ్గరికి పోతే ఎగిరిపోతుంది. షెడ్డు తేమకు అద్దం మసకబారుతుంది, క్లిప్ రబ్బరు కూడా అరిగిపోయింది. షెడ్డు ఉండి, చచ్చిన ఈగలు చేతికి దొరికేవాళ్లయితే కొనుక్కోండి. తోటలో ఎగిరే ఈగలకు పేర్లు కావాలంటే మాత్రం దీన్ని నమ్ముకోమని చెప్పలేను.